నీళ్ల డ్రమ్ము

డుంగ్రీటోలా, పటమదా రోడ్డు,
జంషెడ్‌పూర్.
మార్చి 9

సింహాచలం అప్పకి, కాంతం రాసేది.

పైన చిరునామా చూసి కంగారు పడకు. గోల్‌మురి క్వార్టర్ ఖాళీ చేసేశాం. నీ మరిది డిసెంబరులో రిటైరయ్యారు కదా, రెండు నెలలు గడువిచ్చారు, అదీ అయిపోయింది. పదేళ్ల కిందట పటమదా దారిలో కాస్త జాగా కొన్నామని రాశాను, గుర్తుందా? అందులో రెండు గదులు, రేకుల వంటిల్లు, వెనక పెరడు. సాక్చీ బజారుకి బస్సులో గంట పైనే. ఊరు అనడానికి పాతిక ఇళ్లు. చుట్టూ మహతోలు, సంతాలులు. మంచివాళ్లే. తెలుగు మాత్రం మా ఇద్దరి నోట్లోంచి తప్ప ఇంకెక్కడా వినపడదు.

అప్పా, ముప్పై ఏళ్లు కుళాయి తిప్పితే నీళ్లు, మీట నొక్కితే కరెంటు. ఇవి దేవుడిచ్చినవి అనుకున్నాను. కంపెనీ ఇచ్చినవని క్వార్టర్ తాళాలు అప్పజెప్పిన రోజు తెలిసింది. ఇక్కడ గాలి గట్టిగా వీస్తే కరెంటు పోతుంది. కరెంటు పోతే బోరు మోటారు ఆగుతుంది. చేతిపంపు ఊరికి ఆ చివర. పోయిన వారం రెండు రోజులు కరెంటు లేదు. ఇంట్లో కొవ్వొత్తి లేదు, అగ్గిపెట్టె లేదు, బిందెడు నీళ్లు లేవు. ఫిట్టరుగా కంపెనీలో ఎన్ని మిషన్లు బాగు చేశారో నీ మరిది, ఇంట్లో మంచం కోడు తన్నుకుని బొటనవేలు చితక్కొట్టుకున్నారు.

అప్పుడు నీ అటక గుర్తొచ్చింది. సీసాల్లో అగ్గిపెట్టెలు, ఉప్పు పట్టించిన చింతపండు కుండలు, తాళ్లు, సంచులు. "అప్ప యుద్ధానికెల్తంది" అని నవ్వింది నేనే. ఇప్పుడు నవ్వు రావడం లేదు. తుఫానుల కింద కాపురం చేసినదానివి, ఏం దాచాలో ఎలా దాచాలో వివరంగా రాయి. ఫోను చేద్దామంటే నీ చెవులు పోయి నాలుగేళ్లు. నేను అరవడం, నువ్వు "ఆఁ ఆఁ" అనడం, మధ్యలో నీ కోడలు చిలకమ్మ పరిగెత్తుకు రావడం. ఉత్తరమే నయం.

నీ చెల్లెలు
కాంతం


ఇసకపాలెం,
సోంపేట దగ్గర.
మార్చి 20

కాంతానికి,

నవ్విన నాపచేనే పండుతుందే. ఇప్పుడు తెలిసిందా?

ముందు ఒక మాట. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వే రకం మన వంశంలో నువ్వొక్కదానివే. సరే, వయసు మీద పడ్డాకైనా బుద్ధొచ్చింది.

బియ్యంలో ఎండుమిరపకాయలు, నీడన ఆరిన వేపాకు వెయ్యి. పురుగు పట్టదు. వంటకి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికిలి వెనక్కి తీసి వేరే కుండలో పొయ్యి. అమ్మ పిడికిలి బియ్యం అనేది దాన్నే. ఆ పిడికిలి తగ్గిందని ఎవరి కడుపూ కనిపెట్టదు, గాలివాన రోజున మాత్రం కుండ కనిపిస్తుంది. అగ్గిపెట్టెలు గాజు సీసాలో వేసి మూత చుట్టూ మైనం కార్చు. ఆధార్లు, బ్యాంకు పుస్తకాలు పాలిథిన్‌లో చుట్టి వాసానికి కట్టు. ఆశా వర్కరు అమ్మాయి ఇచ్చే ఉప్పూ పంచదారా పాకెట్లు నాలుగు ఎప్పుడూ ఉండాలి. మనిషి నీరసపడితే ఆసుపత్రి దాకా నిలబెట్టేవి అవే.

అన్నిటికన్నా ముఖ్యం మూతున్న డ్రమ్ము. కొత్తది కొని డబ్బు తగలెయ్యకండి. మా చినబాబు నూనె కొట్టువాడి దగ్గర పాతది తెచ్చాడు, బూడిదా చింతపండూ వేసి తోముకున్నాం, పదేళ్లయింది. ఏదీ పారబొయ్యకు, కాంతం. పారబోసే ముందు మూడుసార్లు చెయ్యి వెనక్కి తియ్యి. మూడోసారి దానికొక పని కనపడుతుంది.

నా చెవుల సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు మనుషుల నోళ్లు చూసి మాట పట్టుకుంటున్నాను. సగం దొరుకుతుంది, సగం తప్పిపోతుంది. మొన్న చినబాబు వాకిట్లో నిలబడి "బెల్లం అయిపోనాది" అన్నాడు. నాకు "పెళ్లాం అయిపోనాది" అని కనపడింది. అయ్యో చిలకమ్మా అని గుండెలు బాదుకుని ఏడుపు లంకించుకున్నాను. చిలకమ్మ పొయ్యి దగ్గర్నించి గరిటెతో వచ్చింది. ఇంటిల్లిపాదీ ఇంకా నవ్వుతున్నారు.

మరిది గారి బొటనవేలికి పసుపు పెట్టు.

నీ అప్ప


డుంగ్రీటోలా,
ఏప్రిల్ 28

అప్పకి,

బెల్లం సంగతి చదివి నీ మరిదికి పొలమారింది. ఇప్పుడు పొద్దున టీలో తీపి చాలకపోతే "నీ పెళ్లాం అయిపోనాదేటి?" అని తనని తానే అడుక్కుంటున్నారు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. పిడికిలి బియ్యం కుండ అడుగు కప్పింది. సీసాలు మైనంతో మూసేశాను. వాసానికి కట్టిన కాగితాల మూట చూసి మహతో గారి భార్య, దిష్టి కట్టారా అని అడిగింది.

డ్రమ్ము కూడా వచ్చింది. గమ్హరియాలో పాత సామాన్లు అమ్మే కబాడీవాడి దగ్గర నీ మరిది బేరమాడి తెచ్చారు, నా భుజం దాకా ఉంటుంది, నీలం రంగు ప్లాస్టిక్కు. మా అబ్బాయి మోహిత్ వాళ్ల మేనేజరు ట్రాలీ ఇచ్చాడు. మోహిత్ ఇప్పుడు గమ్హరియాలోనే ఒక చిన్న ఫ్యాక్టరీలో మిషన్ మీద ఉన్నాడు. అక్కడే ఇద్దరు కుర్రాళ్లతో గది, మా దగ్గరికి ఆదివారాలు వస్తాడు. పాతికేళ్లొచ్చినా వాడి తెలుగు మారలేదు. నేను "తిన్నావేట్రా" అంటే వాడు "ఖా లియా" అంటాడు. అన్నీ అర్థమవుతాయి, నోరు మాత్రం తిరగదు.

ఆ డ్రమ్ము బూడిదతో మూడుసార్లు తోమాను. వాసన పోవడం లేదు. అందులో నీళ్లతో గిన్నెలు కడిగితే చేతులు దురద పెట్టాయి. నీ మరిది, నీ చేతులే సున్నితం అంటున్నారు. ఏం చెయ్యమంటావు?

కాంతం


ఇసకపాలెం,
మే 11

కాంతానికి,

ఆ నీళ్లు నోట్లో పెట్టకండి. చినబాబుకి చెబితే తిట్టాడు, గమ్హరియా అంటే ఫ్యాక్టరీలమ్మా, అక్కడి డ్రమ్ముల్లో నూనె రాదు, మందులొస్తాయి అన్నాడు. మా ఊరి పాత డ్రమ్ము వేరు, మీ ఊరి పాత డ్రమ్ము వేరని నాకు తోచలేదు. నాదే తప్పు.

పారెయ్యక్కర్లేదు. పెరట్లో పెట్టి మట్టి పనులకి వాడండి. తాగడానికి మాత్రం కొత్తది కొనండి, తెల్లది. వంటింట్లో పెట్టండి. రెండింటికీ పేర్లు పెట్టుకో. పెరట్లోది పెరటి డ్రమ్ము, ఇంట్లోది నీళ్ల డ్రమ్ము. పేరు పెట్టి పిలిస్తే పొరపాటు జరగదు. మా ఇంట్లో ప్రతి కుండకీ పేరుంది.

ఇంకో సంగతి. నా కుడి కంటికి శుక్లం ముదిరింది. వినాయక చవితి వెళ్లాక ఆపరేషనంటున్నారు. ఒక కన్ను కట్టేస్తే నాకు జనం మాటలు పావు వంతే తెలుస్తాయి. నువ్వొచ్చి పది రోజులు పక్కనుంటే బాగుంటుంది. నీ నోరు నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, ఒక కంటితో కూడా చదవగలను.

నీ అప్ప


డుంగ్రీటోలా,
ఆగస్టు 2

అప్పకి,

తెల్ల డ్రమ్ము వంటింట్లో కూర్చుంది. పైన మూత, మూత మీద గుడ్డ, గుడ్డ మీద లోటా. వారానికోసారి నీళ్లు మారుస్తున్నాను. నీళ్ల డ్రమ్ము, పెరటి డ్రమ్ము అని ఇద్దరికీ అలవాటైపోయింది.

వానలకి పెరడంతా గడ్డి. నీ మరిది గడ్డిమందు తెచ్చి పెరటి డ్రమ్ములో కలిపి కొడుతున్నారు. మొన్న అడుగున కొంత మిగిలింది. పారబొయ్యండి అన్నాను. "మీ అప్ప ఏటి చెప్పింది? మూడుసార్లు చెయ్యి వెనక్కి తియ్యాల" అని మూత పెట్టేశారు, మళ్లీ నెలకి పనికొస్తుందట. నాకన్నా నీకు పెద్ద శిష్యుడైపోయారు.

సెప్టెంబరు పన్నెండుకి టికెట్ దొరికింది. ఆయన ఒక్కరే ఉండగలరు. ఇంట్లో మూడు నెలలకి సరిపడా సరుకుంది, ఏ గాలివాన వచ్చినా మాకేం భయం లేదు.

కాంతం


జంషెడ్‌పూర్, ఆసుపత్రి నుంచి
సెప్టెంబరు 27

అప్పకి,

నీ కంటికి కట్టు విప్పకుండానే వదిలేసి వచ్చేశాను, క్షమించు. నీ మరిదికి జ్వరం తగ్గింది. కిడ్నీలు కొంచెం నెమ్మదిగా పనిచేస్తున్నాయన్నారు, ఇంకా కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచుతారు. మోహిత్ బాగానే ఉన్నాడు. నువ్వు కంట్లో చుక్కలు మర్చిపోకు.

కాంతం


ఇసకపాలెం,
అక్టోబరు 8

కాంతానికి,

కట్టు విప్పారు. మొదట చదివింది నీ ఉత్తరమే. అయిదు వాక్యాలు. నువ్వు అయిదు వాక్యాలతో సరిపెట్టావంటే నా మనసు ఊరుకోవడం లేదు. ఏమైంది?

ఆ వాయుగుండం మా ఒడ్డున నాలుగు చినుకులు రాల్చి మీ మీదికి పోయి కూర్చుంది. ఇన్నేళ్లు మేం మోసింది మీకొచ్చింది. కల్వర్టు మునిగి రెండు రోజులు మీ ఊరికి దారి లేదని నువ్వు ఇక్కడుండగానే ఏడ్చావు. అయినా చూడు, కరెంటు లేకపోయినా డ్రమ్ములో నీళ్లున్నాయి, ఉప్పూ పంచదారా పాకెట్లున్నాయి, మోహిత్ ముందు రోజే వచ్చి తండ్రి పక్కనున్నాడు. అవే కాపాడాయి. దేవుడికి మొక్కాక నా డ్రమ్ముకి కూడా ఒక దండం పెట్టు.

మోహిత్ బంగారం. పెద్దమ్మ అలా అందని చెప్పు.

నీ అప్ప


డుంగ్రీటోలా,
అక్టోబరు 24

అప్పకి,

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. నీ మీద కాదు. ఎవరి మీదో తెలియదు. డ్రమ్ముకి దండం పెట్టమన్నావు కదా, చదువు.

వాన మొదలైన రోజు ఆయనకి ఒళ్లు కాలిపోయే జ్వరం. మోహిత్ శనివారం వచ్చి చూసి ఉండిపోయాడు. ఆదివారానికి కరెంటు లేదు, కల్వర్టు మీద నడుం లోతు నీళ్లు. నాకు ఫోను చేశాడు. నీ ఎదురుగా కూర్చునే మాట్లాడాను. నాన్న ఏమీ తినడం లేదు, పాకెట్ కలిపి పడతాను, నీళ్లు ఎక్కడివి తియ్యను, రెండు డ్రమ్ములున్నాయి అని హిందీలో అడిగాడు. నేను నీళ్ల డ్రమ్ము అని చెప్పాను. తెలుగులో, స్పష్టంగా చెప్పాను.

వాడు పెరటి డ్రమ్ములోంచి తీసి పట్టాడు. గాలికి దాని మూత ఎగిరిపోయి వాన నీళ్లతో నిండిపోయి ఉంది, చూడ్డానికి తేటగానే కనిపించాయట. గడ్డిమందు సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. నారింజ వాసన పాకెట్ కలిపాడు, జ్వరం నాలికకి ఏం తెలుస్తుంది. రెండు రోజులు గంటగంటకీ పట్టాడు అప్పా. ఒక్క పూట కూడా మర్చిపోలేదు. వాడూ తాగాడు. వాడికి వాంతులయ్యాయి, కుర్రవాడు కాబట్టి తేరుకున్నాడు. ఆయన నోరంతా పుళ్లు పడి, ఒంటేలు ఆగిపోయాక మహతో గారు, ఇంకో ముగ్గురు మంచం మీద కల్వర్టు దాటించారు.

కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి రెండుసార్లు రక్తం మిషన్‌లోకి తీసి కడుగుతున్నారు. ఎన్నాళ్లు అని అడిగితే డాక్టరు ఫైలు మూసి, చూద్దాం మాతాజీ అన్నాడు.

అందరూ మోహిత్‌నే అడిగారు, ఆ డ్రమ్ములోవి ఎందుకు పట్టావని. వాడు ఒకటే మాట, "అమ్మ నీలా డ్రమ్ బోలీ." నీలం డ్రమ్ము అని నేనన్నానట. నేను రంగు పేరు ఎత్తనే లేదు. ఆసుపత్రి వరండాలో అందరి ముందూ అన్నాను, "నేనలగ అనలేదు. ఈడికి చెవుల్లేవు" అని. ఆ మాట నీకు రాస్తున్నందుకు ఏమనుకోకు.

అప్పటి నుంచి వాడు ఇంటికి రావడం లేదు. మిషన్ ఎక్కించే రోజుల్లో ఆసుపత్రి గేటు దగ్గర నిలబడతాడు. నన్ను చూస్తే బైకు తిప్పుకుని వెళ్లిపోతాడు.

కాంతం


ఇసకపాలెం,
నవంబరు 6

కాంతానికి,

మూడు రోజులు ఈ ఉత్తరం రాయలేకపోయాను. రాయకుండా ఉండలేను కూడా.

నువ్వు ఫోను మాట్లాడినప్పుడు నేను అరుగు మీద నీ ఎదురుగా ఉన్నాను. ఒక కంటికి కట్టు, రెండో కన్ను నీ నోటి మీదే. నువ్వేం మాట్లాడుతున్నావో తెలుసుకోవాలని రెప్ప వెయ్యకుండా చూశాను. నువ్వు "నీళ్ల డ్రమ్ములోంచి తియ్యరా" అన్నావు. ఆగావు. వాడేదో అడిగాడు. నువ్వు తల ఊపుతూ "ఆఁ, నీళ్ల డ్రమ్మే" అన్నావు. రెండుసార్లు అన్నావు కాంతం. నీ ఉత్తరంలో ఆ రెండోసారి లేదు. మర్చిపోయావో, మర్చిపోవాలనుకున్నావో నాకు తెలియదు.

వాడి మాట రాశావు కదా, నీలా డ్రమ్ అని. ఆ కాగితం పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. నీళ్ల డ్రమ్ము అన్నాను. నీలా డ్రమ్ము అన్నాను. నోరు ఒక్కలాగే కదిలింది. చెవిటిదాన్ని, నాకు రోజూ జరిగే పొరపాటే ఇది. బెల్లాన్ని పెళ్లాం అనుకుంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. చెవులున్నవాళ్లకి ఆ చిన్న తేడా తెలుస్తుందేమో. గాలివానలో, తెగిపోతున్న ఫోనులో, హిందీలో పెరిగిన వాడికి ఎలా తెలుస్తుంది? వాడి ఎదురుగా నీలం డ్రమ్ము ఉంది. వాళ్లమ్మ నీలా డ్రమ్ అంది. అయినా అనుమానం వచ్చి మళ్లీ అడిగాడు. వాళ్లమ్మ ఔనంది.

వాడు సరిగ్గానే విన్నాడు. నువ్వూ సరిగ్గానే చెప్పావు. ఆ పేరు పెట్టింది నేను. పేరు పెడితే పొరపాటు జరగదని రాసింది నేను. పాత డ్రమ్ము కొనమన్నది, ఏదీ పారబొయ్యొద్దన్నది కూడా నేనే. ఇక్కడ కూర్చుని మీ ఇల్లంతా నేనే సర్దాను.

వెళ్లి వాడికి చెప్పు. అందరి ముందూ అన్నదాన్ని అందరి ముందూ వెనక్కి తీసుకో. మరిది ఉండగానే చెప్పు.

నీ అప్ప


డుంగ్రీటోలా,
డిసెంబరు 2

అప్పకి,

నీ ఉత్తరం ఆసుపత్రి బల్ల మీద చదివాను. చదువుతూ పైకి అనుకున్నాను, నీళ్ల డ్రమ్ము అని. పక్కన కూర్చున్న బిహారీ ఆవిడ తలెత్తి, ఏ నీలం డ్రమ్ము అని హిందీలో అడిగింది. ఉత్తరం మడిచేశాను.

రెండోసారి నేను మర్చిపోలేదు అప్పా. వాడు "నీలా డ్రమ్?" అని అడగడం నాకు వినపడింది. వీడు ఎప్పటిలా నీళ్ల అనలేక నీలా అంటున్నాడు అనుకున్నాను. చిన్నప్పటి నుంచీ వాడికి ళ పలకదు, పళ్లెం అంటే పల్లెం అంటాడు. అలవాటు కొద్దీ ఆఁ అన్నాను. ముప్పై ఏళ్లుగా ఇటువైపే ఉన్నాను, కూరలవాడితో రోజూ హిందీలో బేరమాడతాను, ఆ క్షణంలో మాత్రం నా చెవికి హిందీ లేదు.

గమ్హరియా వెళ్లాను. వాడి గదిలో వాడితో పాటు ఉండే ఇద్దరూ ఉన్నారు, వాళ్ల ముందే చెప్పాను. నువ్వు సరిగ్గానే విన్నావురా, నేనే ఔనన్నాను, నీకు చెవుల్లేవన్నది అబద్ధం అని. వాడు అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. చేతుల వంక చూసుకుని, తెలుగులో అన్నాడు.

"నేను మళ్లీ అడిగేను కదమ్మా."

అంతే.   వాడు అబద్ధమాడలేదని తేలింది, కానీ ఆ గ్లాసులు పట్టిన చెయ్యి వాడిదే కదా. అది నేను వెనక్కి తీసుకోలేను.

ఆసుపత్రి వరండాలో ఆ రోజు విన్నవాళ్లందరికీ కూడా చెప్పాను. ఇంటికొచ్చి నీ మరిదికి నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత అన్నారు, "మీ అప్ప పేరెట్టింది. నువ్వు పలికేవు. ఆడు విన్నాడు. నేను తాగేను. ఎవరి పని ఆళ్లు సరిగ్గానే సేసేరు." నవ్వబోయి దగ్గు తెరలో పడిపోయారు.

కాంతం


ఇసకపాలెం,
జనవరి 5

కాంతానికి,

ఏం రాయాలో తెలియక ఇన్నాళ్లు ఊరుకున్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి చేసే చేతులు ఖాళీగా ఉన్నాయి. చినబాబు మీ వైపు వచ్చే లారీవాడితో మాట్లాడాడు. చింతపండు, ఎండుచేపలు, కొబ్బరికాయలు, ఉప్పావకాయ పంపుతాను. నా పిడికిలి బియ్యం కుండ మొత్తం మూట కట్టాను. మరిదికి ఏది ఇష్టమో రాయి, అది ఎక్కువ వేస్తాను.

మోహిత్ ఇంటికొచ్చాడా?

నీ అప్ప


డుంగ్రీటోలా,
ఏప్రిల్ 13

అప్పకి,

మూటలన్నీ అందాయి. అందాయని కూడా ఇన్నాళ్లు రాయలేదు, తిట్టుకోకు.

నువ్వు పంపినవి ఆయన తినకూడదు. చింతపండు కూడదు, కొబ్బరి కూడదు, ఆవకాయ, ఎండుచేప అసలు కూడదు. ఆసుపత్రిలో ఒక అమ్మాయి కాగితం రాసిచ్చింది. దాన్ని పట్టుకుని మా అటకంతా వెతికాను. ఏడాది పాటు నేను దాచినవాటిలో ఆయన తినదగ్గది పిడికిలి బియ్యం ఒక్కటే. అదీ గంజి వార్చేసి, గుప్పెడు.

మోహిత్ వచ్చేశాడు. సంక్రాంతి అయ్యాక ఒక రోజు బైకు వెనక పరుపు కట్టుకుని వచ్చాడు.  ఇక్కణ్నించే గమ్హరియా వెళ్లి వస్తున్నాడు, మిషన్ రోజుల్లో డ్యూటీ మార్చుకుని తండ్రిని తనే తీసుకెళ్తాడు. పెరటి డ్రమ్ముని రంపంతో ముక్కలు కోసి తీసుకుపోయాడు, ఎక్కడ పారేశాడో చెప్పలేదు. ఇంకో రెండు తెల్ల డ్రమ్ములు కొత్తవి తెచ్చి వంటింట్లో వరసగా పెట్టాడు. పొద్దున లేవగానే మూడింటి మూతలూ తీసి చూస్తాడు. నేను చూడనట్టు ఉంటాను.

ఎండలు ముదిరాయి. నీ మరిదికి రోజుకి మూడు గ్లాసుల నీళ్లు. అంతకు మించితే ఒంట్లో ఉండిపోయి ఊపిరాడదట. మజ్జిగ, మాత్రల మీద గుటక, అన్నీ ఆ మూడు గ్లాసుల్లోనే. కొలిచి ఇచ్చేది మోహిత్. నేను ఇస్తే మనసు ఊరుకోక అంచు దాకా పోసేస్తున్నానని ఆ పని తనే తీసుకున్నాడు. ఒకప్పుడు గంటగంటకీ తాగించిన వాడు, ఇప్పుడు తాగొద్దంటూ కాపలా కూర్చుంటున్నాడు. వాడి ముఖం చూడలేకపోతున్నాను అప్పా. ఆయన ముఖమూ చూడలేను. ఇద్దరి మధ్యా ఖాళీ గ్లాసు పట్టుకుని నేనుంటాను, ఎటు తిరగాలో తెలియదు.

ఇవాళ మధ్యాహ్నానికే మూడో గ్లాసు అయిపోయింది. ఆయన మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్లి నీళ్ల డ్రమ్ముకి ఆనుకుని కింద కూర్చున్నారు. దాని పక్కన చల్లగా ఉంటుంది. పెదాలు ఎండి అంటుకుపోయాయి. నన్ను అడగలేదు. మోహిత్ వంక చూసి, "ఒక్క గుటకరా" అన్నారు.

మోహిత్ ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "నీళ్లయిపోనాయి నాన్నా" అన్నాడు. ళ ని నొక్కి, విడిగా, తప్పు లేకుండా పలికాడు. ఎన్నాళ్లు సాధన చేశాడో నాకు తెలియదు.

ఆయన సరే అని తలూపి, డ్రమ్ముకి చెంప ఆనించి కళ్లు మూసుకున్నారు. అది మూత దాకా నిండుగా ఉంది.

కాంతం